కోర్టులో సాక్ష్యం చెప్పమన్నారు, సంఘ పెద్ద వద్దంటున్నారు. ఇది సిలువ మోయడమా, మామూలు పౌరుడి బాధ్యతా?

మౌనప్రయాణికుడు (ప్రశ్న)

అందరికీ వందనాలు. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇప్పుడు రాయకపోతే నిద్ర పట్టేలా లేదు. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మా సంఘంలో రెండు నెలలుగా లూకా 14 మీద వరసగా ప్రసంగాలు జరుగుతున్నాయి. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని తగులుబడి లెక్క చూసుకోడా అనే మాట, పదివేల మందితో ఇరవై వేల మందిని ఎదుర్కోవాల్సిన రాజు సంగతి, చివర్లో తనకు ఉన్నదంతా విడిచిపెట్టనివాడు నా శిష్యుడు కాలేడనే మాట. వింటున్నంతసేపూ నాకు ఒకటే గుచ్చుకునేది, నేను ఇప్పటిదాకా చెల్లించిన వెల ఏంటి అని. విశ్వాసుల ఇంట్లో పుట్టా, అడక్కుండానే అన్నీ దొరికాయి. నాతో పాటే బాప్తిస్మం తీసుకున్న నా ఫ్రెండ్‌తో వాళ్ళింట్లో ఏడాదిన్నర ఎవరూ మాట్లాడలేదు, సొంత చెల్లి పెళ్ళికి కూడా పిలవలేదు. నేనేమో టాక్స్ కడతా, ఓటేస్తా, సిగ్నల్ దగ్గర ఆగుతా, ఏడాదికి రెండుసార్లు రక్తం ఇస్తా, అంతే. ఇవన్నీ ఆఫీసులో నా పక్క సీటాయన కూడా చేస్తాడు, ఆయనకి దేవుడనే నమ్మకమే లేదు, పైగా నాకంటే శ్రద్ధగా చేస్తాడు. మరి నేను శిష్యుణ్ణి అని చెప్పుకోవడానికి ఏముంది?

ఇలా ఆలోచిస్తుండగానే ఇది జరిగింది. ఒక సాయంత్రం నడిచి ఇంటికొస్తుంటే ఒక కారు రెడ్ సిగ్నల్ దాటుకుని వచ్చి జీబ్రా క్రాసింగ్ మీదున్న పెద్దావిడని గుద్దేసింది. నేను పది అడుగుల దూరంలో ఉన్నా. ఆవిడ చేతిలో మందుల కవర్ చిరిగి మాత్రల స్ట్రిప్పులన్నీ రోడ్డు మీద పడ్డాయి, ఎందుకో తెలీదు నేను ముందు వాటిని ఏరడం మొదలుపెట్టా, ఎవరో అరిస్తే గానీ అంబులెన్స్‌కి ఫోన్ చేయాలని తోచలేదు. ఆవిడ బతికారు, తుంటి ఎముక విరిగింది. కారు దిగిన కుర్రాణ్ణి చూస్తే మా సంఘ పెద్ద గారి అబ్బాయి. పోలీసులకి చూసింది చూసినట్టు చెప్పి సంతకం పెట్టా. ఇప్పుడు కోర్టు నుంచి పిలుపొచ్చింది. సిగ్నల్ గ్రీన్‌లోనే ఉందని, ఆవిడే అడ్డం వచ్చిందని కుర్రాడు చెబుతున్నాడు.

మొన్న పెద్దాయన ఇంటికొచ్చారు. విశ్వాసి మీద విశ్వాసి కోర్టుకెక్కకూడదని పౌలు రాశాడు కదా బాబూ, నువ్వు సరిగ్గా చూళ్ళేదు అంటే చాలు, ఆవిడ వైద్యం ఖర్చంతా మేమే పెట్టుకుంటాం అన్నారు. అంటూ అంటూ ఏడ్చారు. నాకు సండే స్కూల్లో మొదటి వాక్యం కంఠతా పట్టించింది ఆయనే. మా నాన్న పోయిన రాత్రి తెల్లారేదాకా మా గుమ్మంలో కూర్చున్నది ఆయనే.

అడగాలనుకున్నది ఇదీ. సాక్షిగా వెళ్ళడం పౌరుడి బాధ్యత, అది అందరూ చేసేదే, సరే. కానీ క్షమించడం, కడుపులో పెట్టుకోవడం శిష్యుడి పని కదా. అలాంటప్పుడు ఏది పెద్దది? దయచేసి వాక్యం చూపించి చెప్పండి.

నాగలి మీద చెయ్యి

బ్రదర్, ముందు ఆ వాక్యం సంగతి చూద్దాం. 1 కొరింథీ 6లో పౌలు చెప్పింది ఇద్దరు విశ్వాసులకి ఆస్తి దగ్గరో డబ్బు దగ్గరో తగాదా వస్తే బయటి న్యాయాధిపతుల దగ్గరికి పోకుండా మీలో మీరే తీర్చుకోండి, కుదరకపోతే నష్టమైనా ఓర్చుకోండి అని. ఓర్చుకోమన్నది ఎవరిని? నష్టపోయినవాణ్ణి. ఇక్కడ నష్టపోయింది ఎవరు? ఆ పెద్దావిడ. ఆవిడ నష్టాన్ని మీరూ పెద్ద గారూ కలిసి ఎలా ఓర్చుకుంటారు, అది మీది కాదు కదా. మన తుంటి విరిగితే మనం క్షమించొచ్చు. పైగా మీరు కేసు వెయ్యలేదు, చూసింది చెప్పమని పిలిచారు, అంతే.

దీనికి సరిగ్గా సరిపోయే మాట లేవీయకాండం 5:1లో ఉంది, సంఘంలో దాని మీద ప్రసంగం నేనైతే ఒక్కసారీ వినలేదు. చూసిన సంగతి గానీ తెలిసిన సంగతి గానీ ఉండి, సాక్షి అయ్యుండి, బయటపెట్టకపోతే ఆ దోషం వాడే భరించాలి అని. గమనించండి, అబద్ధం చెప్పినవాడి గురించి కాదు, నోరు మూసుకున్నవాడి గురించి. అబద్ధ సాక్ష్యం వద్దన్నది పది ఆజ్ఞల్లోనే ఉంది, నిర్గమ 20:16. అంటే మీరు పౌరుడి బాధ్యత అని పక్కన పెడుతున్నది దేవుడు తన ధర్మశాస్త్రంలోనే రాయించాడు. మీరు రెండు పెట్టెల్లో పెట్టినవి మొదట్నుంచీ ఒకే పెట్టెలో ఉన్నాయి.

ఇంకో మాట, ఇది ఎప్పట్నుంచో నా మనసులో ఉంది. ఆదివారం మైక్ పట్టుకుని దేవుడు నాకు చేసిన మేలు ఇదీ అని చెబితే దాన్ని సాక్ష్యం అంటాం. కోర్టులో బోనెక్కి చెప్పేదీ సాక్ష్యమే. మన భాషలో రెండూ ఒకే మాట. గ్రీకులో కూడా అంతే, సాక్షికి వాళ్ళు వాడిన మాటే తర్వాత్తర్వాత హతసాక్షికీ, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడికీ, వచ్చింది. ఇన్నేళ్ళు సంఘంలో సాక్ష్యం చెప్పినవాళ్ళం మొదటిసారి నిజంగా సాక్ష్యం అవసరమైన చోట సరిగ్గా చూళ్ళేదు అంటే ఎలా బ్రదర్.

ఊరికే అడిగా

నాగలి గారి వాక్యాలు ఒప్పుకుంటా. కానీ ప్రతిదాన్నీ సిలువ అనడం ఆపుదాం ప్లీజ్. లీవు పెట్టి కోర్టుకెళ్ళడం ఇబ్బంది, సిలువ కాదు. పెద్దలు ముఖం తిప్పుకోవడం బాధ, అదీ సిలువ కాకపోవచ్చు. తప్పు చేసి దెబ్బలు తిని ఓర్చుకుంటే ఏం గొప్ప అని పేతురే అడిగాడు, ఇంకోచోట పరుల జోలికి పోయేవాడిగా బాధపడొద్దు అని కూడా అన్నాడు. మనకి కష్టం వచ్చిన ప్రతిసారీ క్రీస్తు కోసం అని పేరు పెట్టుకుంటే నిజంగా ఆయన కోసం ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్ళ ముందు సిగ్గుగా ఉంటుంది. అన్నా, మీ ఫ్రెండ్ సంగతి మీరే రాశారు కదా.

పాత గుమాస్తా

తమ్ముడూ, నేను ఒక ఆఫీసులో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. వాక్యం నాకంటే తెలిసినవాళ్ళు ఇక్కడున్నారు, నేను నా సంగతి చెబుతా.

సర్వీసులో పదకొండో ఏడు. ఒక పని పూర్తయిందని బిల్లు వచ్చింది, నేను వెళ్ళి చూస్తే అక్కడ గోడ మోకాలెత్తు కూడా లేవలేదు. ఫైల్ మీద "తనిఖీ చేయడమైనది" అని రాసి సంతకం పెట్టాలి, అంతే, రెండే మాటలు. నేను "తనిఖీ చేయగా పని పూర్తి కాలేదు" అని రాశా. ఇందులో నా గొప్పేం లేదు, జీతం ఇచ్చేది ఆ పనికే. క్రైస్తవుడు కానక్కర్లేదు, ఎవరైనా అదే రాయాలి. కానీ ఆ సంతకం తర్వాత నాకు వచ్చినవి ఎవరికీ రాకూడదు. మూడేళ్ళలో నాలుగు బదిలీలు, ప్రమోషన్ లిస్టులో పేరు కిందకి పోవడం, పిల్లల స్కూళ్ళు మారడం. మా ఆవిడ ఒక్కరోజు కూడా ఎందుకు రాశావు అనలేదు, నాలుగో ఊళ్ళో సామాన్లు విప్పకుండా అట్టపెట్టెల మీదే గుడ్డ పరిచి అన్నాలు పెట్టింది.

దీని వల్ల నాకు అర్థమైంది చెబుతా. రోమా 13లో పౌలు ఎవరికి పన్నో వాళ్ళకి పన్ను, ఎవరికి సుంకమో వాళ్ళకి సుంకం కట్టండి, ఎవరి అప్పు వాళ్ళకి తీర్చండి అన్నాడు, ఆ వెంటనే ప్రేమించే విషయంలో తప్ప ఎవరికీ ఏమీ బాకీ ఉండొద్దు అన్నాడు. పన్ను కడితే రసీదు ఇస్తారు, ఆ ఏడాదికి అయిపోయింది, ఇక నిన్ను ఎవరూ అడగరు. ప్రేమ బాకీకి రసీదు లేదు, కట్టిన కొద్దీ ఉంటుంది. నా ఫైల్ మీద సంతకం పన్ను లాంటిది. సంతకం పెట్టించాలని చూసిన ఆఫీసర్ తర్వాత పక్షవాతంతో పడిపోతే వెళ్ళి చూడాలా వద్దా అన్నది ఆ రెండో బాకీ. దానికి నాకు ఆరు నెలలు పట్టింది, నాలుగు బదిలీల కంటే అదే కష్టమైంది. ఏ చట్టమూ నన్ను వెళ్ళమనలేదు. వెళ్ళకపోతే ఎవరూ తప్పు పట్టేవాళ్ళూ కాదు.

అదే అధ్యాయంలో ఐదో వచనంలో శిక్షకి భయపడి మాత్రమే కాదు, మనస్సాక్షిని బట్టి కూడా లోబడాలి అని ఉంది. నా మటుకు శిష్యుడికీ మీ కొలీగ్‌కీ చేసే పనిలో తేడా వెతకక్కర్లేదు. ఆయన మంచివాడైతే దేవుడికి స్తోత్రం.

ఇక పని మాట. కోర్టులో చూసింది మాత్రమే చెప్పు. కారు ఎంత స్పీడులో ఉందని అడిగితే నీకు తెలిస్తే చెప్పు, లేకపోతే తెలీదు అను. గుర్తు లేనిది గుర్తు లేదను. నిజానికి సాయం చేద్దామని ఒక్క మాట ఎక్కువ కలిపినా అవతలి లాయరు అదే పట్టుకుని లాగుతాడు. ఇంకోటి, సాక్షిని మాట మార్చమని అడగడం చాలా చోట్ల నేరం, ఆ పెద్దాయనకి అది తెలిసుండదు, కొడుకు మీద బెంగతో వచ్చుంటారు. మళ్ళీ అలా రాకుండా నువ్వే ఆపితే ఆయనకే మేలు.

దీపం కింద

నేను క్రైస్తవుణ్ణి కాదు, ఈ టాపిక్ చూసి ఆగిపోయా, రాయొచ్చు అనుకుంటున్నా. ప్రశ్నలో "అందరూ చేసేదే" అన్న మాట దగ్గర నాకు కొంచెం కష్టమనిపించింది అండీ. అందరూ చేయరు. ఆ రోజు ఆ రోడ్డు మీద ఇంకెంతమంది ఉన్నారు, ఎంతమంది సంతకం పెట్టారు? మా అన్నయ్య ఒక గొడవలో సాక్షిగా ఉన్నాడు, వాయిదాల మీద వాయిదాలు, నాలుగేళ్ళు తిరిగాడు, ప్రతిసారీ ఒకరోజు జీతం పోయేది, బెదిరింపులు వేరే. ఏ స్వర్గం కోసమూ కాదు, దెబ్బతిన్నవాడి తల్లి అన్నయ్య చెయ్యి పట్టుకుని నువ్వు చూశావు కదా నాయనా అని అడిగింది, అంతే. మీ దేవుడి కోసం కట్టే వెల గొప్పది కావొచ్చు, దాన్ని గొప్ప చేయడానికి పౌరుడి బాధ్యతని చవక చేయకండి. మీ పక్క సీటాయన రేపు మీ స్థానంలో ఉంటే ఆయనకీ ఇంతే ఖర్చవుతుంది.

గడప దాటిన కూతురు

దీపం కింద గారూ, మీరు రాసినందుకు థాంక్స్, నేను రాయాలనుకున్నదానికి దారి దొరికింది.

మా నాన్నగారు దైవసేవకులు. ఆయన చెల్లించిన వెల గురించి ఎన్నో సభల్లో విన్నాను, ఉద్యోగం వదిలేశారు, ఉపవాసాలు, రాత్రి ప్రార్థనలు. అన్నీ నిజమే. కానీ ఆ వెలలో సగం మా అమ్మ కట్టింది, ఆ సంగతి ఏ స్టేజీ మీదా ఎవరూ చెప్పలేదు. కరెంటు బిల్లు గడువు, మా స్కూల్ ఫారాలు, తాతయ్య ఆసుపత్రి, ఇంటిముందు డ్రెయినేజీ పొంగితే ఆఫీసు చుట్టూ తిరగడం, అన్నీ అమ్మే. ఓటర్ లిస్టులో నాన్న పేరు పోతే మళ్ళీ ఎక్కించడానికి మూడుసార్లు లైన్లో నిలబడింది, ఆయన మాత్రం మన పౌరస్థితి పరలోకంలో ఉంది అని ఫిలిప్పీ 3:20 చెప్పారు. ఆ మాట రాసిన పౌలే ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి జైల్లో వేస్తే, రోమా పౌరులమైన మమ్మల్ని ఇలా కొట్టి రహస్యంగా పంపేస్తారా, వాళ్ళే వచ్చి బయటికి తీసుకెళ్ళాలి అని పట్టుబట్టాడు, అపొస్తలుల కార్యములు 16లో ఉంది. అదే ఊరు, అదే మనిషి. భూమ్మీది పౌరసత్వాన్ని ఆయన పారేయలేదు, వాడాడు.

మార్కు 7లో కొర్బాను సంగతి చదివినప్పుడల్లా మా ఇల్లే గుర్తొస్తుంది. అమ్మానాన్నలకి పెట్టాల్సింది దేవుడికి అర్పితం అనేసి చేతులు దులుపుకుంటున్నారని యేసు వాళ్ళని నిలదీశాడు. పెద్ద గారు మీతో చేయిస్తున్నది కూడా అలాంటిదే అండీ. క్షమాపణ అనే పవిత్రమైన మాట అడ్డం పెట్టుకుని ఒక ముసలావిడకి రావాల్సింది ఆపుతున్నారు. వైద్యం ఖర్చు పెడతామన్నారు కదా, మంచిదే, మరి ఒప్పుకుని పెట్టొచ్చు కదా. ఒప్పుకోకుండా పెడితే ఆవిడ లోకం కళ్ళకి అడ్డం వచ్చిన మనిషిగానే మిగిలిపోతుంది. లూకా 19లో సుంకాలు వసూలు చేసే జక్కయ్య ఏం చేశాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానని అందరి ముందూ నిలబడి చెప్పాడు.

నాన్న మీద కోపంతో రాయట్లేదు. ఇప్పుడు ఆయనకి డెబ్భై నాలుగు, అమ్మ లేదు. కిందటి నెల వెళ్తే కరెంటు బిల్లు ఎక్కడ కట్టాలో కాగితం మీద రాయించుకుని గోడకి అంటించుకున్నారు.

రాతిమెట్టు

అందరూ చెప్పాక నేను చరిత్రలోంచి రెండు సంగతులు పెడతా, ప్రశ్నలో ఏది పెద్దది అన్నారు కదా దాని కోసం.

ఒకటి, క్రీస్తు శకం 112 ప్రాంతంలో రోమా సామ్రాజ్యంలోని బితూనియకి గవర్నర్‌గా ఉన్న ప్లినీ, క్రైస్తవుల్ని ఏం చెయ్యమంటారని చక్రవర్తి ట్రాజన్‌కి ఉత్తరం రాశాడు, అది ఇప్పటికీ ఉంది. వీళ్ళు చేసేదేంటని విచారిస్తే తేలింది ఏంటంటే, ఒక నియమిత దినాన తెల్లారకముందే కూడుకుని క్రీస్తుకి పాట పాడతారు, ఇంకా ఒట్టు పెట్టుకుంటారు. ఏదో కుట్రకి కాదు, దొంగతనం చేయం, వ్యభిచారం చేయం, మాట తప్పం, నమ్మి దాచిపెట్టిన సొమ్ము అడిగితే లేదనం అని. ఏ రాజ్యమైనా కోరుకునే పౌరులు ఇలాగే కదా ఉండాలి. అలాంటివాళ్ళని చక్రవర్తి బొమ్మకి ధూపం, ద్రాక్షారసం అర్పించి క్రీస్తుని దూషించమన్నారు, ఒప్పుకోనివాళ్ళని చంపించాడు. అంటే నూటికి తొంభై తొమ్మిది సంగతుల్లో శిష్యుడూ మంచి పౌరుడూ ఒకడే, మిగిలిన ఆ ఒక్కదాని దగ్గర ప్రాణం అడుగుతారు. కైసరువి (అంటే రోమా చక్రవర్తివి) కైసరుకి, దేవునివి దేవునికి అని యేసు అన్న మాటకి అర్థం నాకు అక్కడే తెలిసింది. నాణెం మీద కైసరు బొమ్మ ఉంది, అది ఆయనకి ఇచ్చెయ్. మనిషి దేవుని స్వరూపంలో ఉన్నాడని ఆదికాండం 1:27, ఆ మనిషిని కైసరుకి ఇవ్వకూడదు.

రెండోది దగ్గరి కాలంది. ఆస్ట్రియాలో ఫ్రాంజ్ యెగర్‌స్టెట్టర్ అని ఒక రైతు, కేథలిక్. 1938లో ఆస్ట్రియాని జర్మనీలో కలపడం మీద ఓటింగ్ జరిగితే వాళ్ళ ఊళ్ళో వద్దని ఓటేసింది ఆయన ఒక్కడే. 1943లో సైన్యానికి పిలిస్తే వెళ్ళి, హిట్లర్ యుద్ధంలో పోరాడనని చెప్పాడు, ఆయుధం లేకుండా గాయపడ్డవాళ్ళకి సేవ చేస్తానన్నాడు, ఒప్పుకోలేదు. ఇంట్లో భార్య, ముగ్గురు చిన్న ఆడపిల్లలు. ఊరివాళ్ళే కాదు, బిషప్ కూడా కుటుంబం గురించి ఆలోచించు అన్నాడు. 1943 ఆగస్టు 9న తల నరికారు, 36 ఏళ్ళు. 2007లో సంఘం ఆయన్ని ధన్యుడిగా ప్రకటించింది, బతికున్నప్పుడు మాత్రం సంఘంలో ఆయన వైపు నిలబడ్డవాళ్ళు దాదాపు లేరు. ఓటు వేయడం, సైన్యం పిలుపుకి జవాబివ్వడం, రెండూ పౌరుడి పనులే. ఆయన శిష్యత్వం అక్కడే తేలింది, వేరే ఎక్కడో కాదు. ఊరికే అడిగా గారన్నది నిజమే, మన కష్టాన్ని ఆయన దాంతో కొలవకూడదు, నేను కొలవట్లేదు. ఎక్కడ అడుగుతారో చూపిస్తున్నా, అంతే.

మౌనప్రయాణికుడు అన్నా, మీరు కోర్టుకి వెళ్ళండి. వెళ్ళాక ఆ కుర్రాడికి శిక్ష పడితే వాణ్ణి చూడ్డానికి కూడా వెళ్ళండి. గుమాస్తా గారు చెప్పిన రసీదు లేని బాకీ మీకు అక్కడ మొదలవుతుందని నాకనిపిస్తోంది.

మౌనప్రయాణికుడు

అందరివీ రెండేసి సార్లు చదివా. దీపం కింద గారూ, "అందరూ చేసేదే" అన్నందుకు సారీ అండీ, అది వెనక్కి తీసుకుంటున్నా. మీ అన్నయ్య నాలుగేళ్ళు తిరిగారంటే నేను మొదటి వాయిదాకే ఇంత రాశాను.

నిన్న ముందు పెద్దావిడ దగ్గరికి వెళ్ళా. ఆ రోజు ఏరిన మాత్రల్లో ఒక స్ట్రిప్పు నా బ్యాగ్ సైడ్ జేబులోనే ఉండిపోయింది, అది ఇద్దామని. డాక్టర్ ఆ మందు ఎప్పుడో మార్చేశారట, అయినా తీసుకుని దిండు కింద పెట్టుకున్నారు. కేసు మాట నేను ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు.

అక్కణ్ణుంచి పెద్ద గారింటికి వెళ్ళా. లోపలికి వెళ్ళి కూర్చోలేదు. అంకుల్, సిగ్నల్ రెడ్‌లో ఉంది, నేను చూశాను, అదే చెబుతాను, మళ్ళీ దీని గురించి నాతో మాట్లాడకండి, మీకే ఇబ్బంది అవుతుంది అన్నా. గొంతు వణికింది. తర్వాత, బాబుతో పాటు వాయిదాలకి వెళ్ళడానికి ఎవరైనా తోడు కావాలంటే నా వాయిదా కాని రోజుల్లో నేను వస్తాను అని కూడా అన్నా, అది ముందు అనుకున్న మాట కాదు, అక్కడ నిలబడ్డాక వచ్చింది. ఆయన ఏమీ అనలేదు. నేను మెట్లన్నీ దిగేదాకా తలుపు మాత్రం వెయ్యలేదు.

మంగళవారం పదింటికి రమ్మన్నారు, లీవు పెట్టేశా. ఆదివారం సండే స్కూల్ క్లాసు నాకు బదులు వేరేవాళ్ళు తీసుకుంటారని మెసేజ్ వచ్చింది, ఎందుకో రాయలేదు. వచ్చాక ఏం జరిగిందో ఇక్కడే రాస్తా, ప్రార్థించండి.